రాణి తల వంచింది సరే, సారీ చెప్పిందా? (2011 ఐర్లాండ్ పర్యటన గురించి)

లిఫ్ఫీగట్టు:
నిన్న లంచ్ దగ్గర మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు, మనోడే, గుంటూరు, అడిగాడు "అన్నా ఎలిజబెత్ రాణి డబ్లిన్ వచ్చి ఏదో పార్కులో తల వంచిందంట కదా, దానికి వీళ్లు ఇప్పటికీ ఎందుకు అంత ఇదిగా చెప్పుకుంటారు, మన దగ్గరికి మూడు సార్లు వచ్చింది, మనం ఎవరమైనా గుర్తు పెట్టుకున్నామా" అని. నాకు వెంటనే సమాధానం రాలేదు. నేను అప్పుడు ఇక్కడే ఉన్నా, 2011 మే 17 నుంచి 20, నాలుగు రోజులు, మాస్టర్స్ చేస్తూ సాయంత్రాలు ఒక రెస్టారెంట్లో గిన్నెలు కడిగేవాణ్ని. నాకు గుర్తున్నదల్లా బస్సులన్నీ దారి మళ్లించడం, సిటీ సెంటర్లో చెత్త డబ్బాలు తీసేయడం, మ్యాన్‌హోళ్లకి సీళ్లు వేయడం, పనికి నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్లడం. ఇంత పెద్ద చరిత్ర జరుగుతుంటే నేను తిట్టుకుంటూ నడిచాను. ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ పర్యటనని ఎంత ఆలోచించి పేర్చారో అనిపిస్తోంది. సారీ అనే మాట ఒక్కసారి కూడా రాలేదు మరి. మీరేమంటారు?

గ్రూప్స్_నాలుగోసారి:
అన్నా నాకు ఐర్లాండ్ అంటే ఆదేశిక సూత్రాలు, రాష్ట్రపతి ఎన్నిక పద్ధతి, అంతే 😀 రాజ్యాంగంలో ఏది ఎక్కడి నుంచి తెచ్చారు అనే బిట్టు ప్రతి పేపర్లో వస్తది. ఇంతకీ బ్రిటన్ రాజు గానీ రాణి గానీ ఐర్లాండ్ వెళ్లడం అదే మొదటిసారా?

పాతపేపర్లు:
మొదటిసారి కాదండి. విక్టోరియా వెళ్లింది, ఏడో ఎడ్వర్డ్ వెళ్లాడు, ఆఖరున ఐదో జార్జి 1911 జులైలో వెళ్లాడు. అప్పటికి ఐర్లాండ్ మొత్తం వాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి అది సొంత ఇలాకాలో ఊరేగింపు లాంటిది. స్వతంత్ర దేశంగా అయ్యాక, దేశాధినేత పిలిస్తే అతిథిగా రావడం మాత్రం 2011లోనే మొదటిసారి. అంటే సరిగ్గా వందేళ్ల ఖాళీ. పక్కపక్క దేశాలు, విమానంలో గంట ప్రయాణం!

ఇంకో సంగతి, అదే ఐదో జార్జి అదే 1911 డిసెంబర్లో ఢిల్లీ దర్బారుకి వచ్చి రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నాం అని ప్రకటించాడు. ఇది కూడా బిట్టే, రాసుకో తమ్ముడూ.

ఓరుగల్లు:
సారీ జెప్పనప్పుడు ఏం పర్యటన అన్నా అది. పూలగుచ్ఛం పెట్టి, విందు తిని, గుర్రాలు చూసి పోయింది. గట్ల నేను గూడ పోతా.

లిఫ్ఫీగట్టు:
@ఓరుగల్లు నేనూ మొదట అలాగే అనుకున్నా. కానీ ఆమె ఎక్కడెక్కడికి వెళ్లిందో వరసగా చూడు.

విమానం దిగింది బాల్డొనెల్లో, ఆ మిలిటరీ ఏరోడ్రోమ్ పేరు కేస్‌మెంట్. రోజర్ కేస్‌మెంట్ అంటే బ్రిటిష్ ప్రభుత్వంలో పనిచేసి సర్ బిరుదు తీసుకుని, తర్వాత ఐరిష్ తిరుగుబాటుకి జర్మనీ నుంచి తుపాకులు తేవడానికి ప్రయత్నించి పట్టుబడి, 1916 ఆగస్టులో లండన్ జైల్లో రాజద్రోహం కింద ఉరి తీయబడ్డవాడు. రాణి తాత మీద ద్రోహం చేశాడని ఉరి తీసినవాడి పేరున్న నేల మీద రాణి దిగింది, అదీ పచ్చ కోటు వేసుకుని. పచ్చ అంటే ఐర్లాండ్ సొంత రంగు కదా.

అక్కడి నుంచి అధ్యక్షురాలు మేరీ మెకలీస్ భవనానికి. అది ఒకప్పటి వైస్రాయి బంగళా. అక్కడ ఒక ఓక్ మొక్క నాటింది. ఆ మధ్యాహ్నమే గార్డెన్ ఆఫ్ రిమెంబ్రెన్స్. ఇదే అసలు చోటు. బ్రిటన్ మీద తిరగబడి చనిపోయిన వాళ్ల కోసం 1966లో, 1916 నాటి ఈస్టర్ తిరుగుబాటుకి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా కట్టిన తోట. ఆమె పుష్పగుచ్ఛం పెట్టి రెండడుగులు వెనక్కి వేసి తల వంచింది. మామూలుగా ఏ దేశం వెళ్లినా సైనికుల సమాధి దగ్గర పూలు పెడతారు, అది వేరే. ఇక్కడ ఆమె సింహాసనం పేరు మీద నడిచిన సైన్యాన్ని చంపినవాళ్లకి, ఆ సైన్యం చేతిలో చచ్చినవాళ్లకి ఆమె తల వంచింది.

మా రెస్టారెంట్ కిచెన్‌లో చిన్న టీవీ ఉండేది, షెఫ్ ఐరిష్ ఆయన, అప్పటిదాకా రాణిని నోటికొచ్చినట్టు తిడుతూ ఉల్లిపాయలు కోస్తున్నాడు. ఆ క్షణంలో చెయ్యి ఆపేశాడు. ఏమీ అనలేదు. మళ్లీ కోయడం మొదలుపెట్టాడు. తిట్లు మాత్రం ఆ పూటకి ఆగిపోయాయి.

ఉప్పుచేప:
ఉల్లిపాయలు కోస్తున్నాడు కాబట్టి కన్నీళ్లు వచ్చినా తెలీదు లెండి 😛

కడప_కారం:
నేను ఓరుగల్లు అన్న పక్క. తల వంచేదానికి ఖర్చేముంది సామీ. రాణి తల వంచితే టీవీలో వస్తాది, ఫైళ్లు బయట పెడితే జనానికి న్యాయం జరుగుతాది. ఆమె దిగిన రోజే, మే 17, ఆ తేదీ ఏందో తెలుసా? 1974లో అదే రోజు డబ్లిన్, మొనహాన్ ఊర్లలో కారు బాంబులు పేలి 33 మంది పోయినారు. వాళ్ల ఇంటోళ్లు ఏండ్ల తరబడి బ్రిటిష్ సర్కారు దగ్గరుండే ఫైళ్లు ఇయ్యండయ్యా అని మొత్తుకుంటా ఉన్నారు. ఆ ఫైళ్లు రాలేదు. రాణి వచ్చింది.

లిఫ్ఫీగట్టు:
ఇది నిజం, దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ కుటుంబాల వాళ్లు ఆ రోజు కూడా అదే అడిగారు.

పాతపేపర్లు:
కడప అన్న చెప్పింది న్యాయమైన మాటే, కానీ రాణిని అడగాల్సింది, ప్రధానిని అడగాల్సింది రెండూ కలిపేస్తున్నాం అనిపిస్తోంది. బ్రిటన్ రాజు గానీ రాణి గానీ తమ ఇష్టానికి ఎక్కడికీ వెళ్లరు, ఏమీ మాట్లాడరు. ఏ దేశానికి వెళ్లాలో ప్రభుత్వం చెబుతుంది, ప్రసంగం ప్రభుత్వం చూసి ఓకే అనాలి. క్షమాపణ అన్నది రాజకీయ నిర్ణయం, దాని వెనక నష్టపరిహారం, కేసులు అన్నీ ఉంటాయి. అందుకే ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీలో 1972లో సైనికులు నిరాయుధుల్ని కాల్చిన దానికి సారీ చెప్పింది రాణి కాదు, ప్రధాని కామెరాన్, 2010 జూన్‌లో పార్లమెంటులో. విచారణ రిపోర్టు వచ్చాక, ఆ కాల్పులకి ఏ సమర్థనా లేదని సూటిగా ఒప్పుకున్నాడు.

1840ల నాటి ఐర్లాండ్ కరువు మీద 1997లో టోనీ బ్లెయిర్ పేరుతో ఒక ప్రకటన వచ్చింది, అప్పట్లో అందరూ బ్లెయిర్ గొప్పగా ఒప్పుకున్నాడు అన్నారు. 2021లో పాత కాగితాలు బయటికొస్తే తెలిసిందేంటంటే ఆయన ఆ టైంకి దొరక్కపోతే సహాయకులే రాసి పంపేశారట! క్షమాపణల కథలు ఇలా కూడా ఉంటాయి.

ఓరుగల్లు:
హహ గది మన దగ్గర మంత్రుల సంతాప సందేశం లెక్కనే ఉన్నది.

గ్రూప్స్_నాలుగోసారి:
ఒక డౌటు. వందేళ్లు ఎందుకు ఆగారు? 1950ల్లోనో 60ల్లోనో వచ్చుండొచ్చు కదా

పాతపేపర్లు:
ఉత్తర ఐర్లాండ్ తమ్ముడూ. దేశం విడిపోయినప్పుడు ఆరు కౌంటీలు బ్రిటన్ దగ్గరే ఉండిపోయాయి. 1960ల చివర నుంచి అక్కడ బ్రిటన్‌తోనే ఉండాలి, ఐర్లాండ్‌లో కలవాలి అని గొడవలు, ముప్పై ఏళ్లలో మూడున్నర వేల మంది దాకా చచ్చిపోయారు. 1979లో మౌంట్‌బాటెన్, అవును మన ఆఖరి వైస్రాయే, స్లైగో దగ్గర ముల్లగ్‌మోర్లో పడవలో ఉండగా ఐఆర్ఏ (బ్రిటన్‌ని వెళ్లగొట్టాలని తుపాకీ పట్టిన ఐరిష్ సంస్థ) బాంబు పెట్టి చంపేసింది. ఆయన రాణి భర్త ఫిలిప్‌కి మేనమామ. ఆ తర్వాత ఇంక ఎవరు రమ్మంటారు, ఎవరు వస్తారు.

1993లో అప్పటి అధ్యక్షురాలు మేరీ రాబిన్‌సన్ లండన్ వెళ్లి రాణితో టీ తాగింది, అదే పెద్ద వార్త. 1998 ఏప్రిల్‌లో ఆ గొడవలకి ముగింపు పలికిన గుడ్‌ఫ్రైడే శాంతి ఒప్పందం. 2010లో పోలీసు, న్యాయ శాఖలు కూడా బెల్‌ఫాస్ట్‌లోని ఉత్తర ఐర్లాండ్ ప్రభుత్వానికి అప్పజెప్పాక ఇక అడ్డం లేదు అన్నారు. పిలిచిన మెకలీస్ సొంత ఊరు కూడా బెల్‌ఫాస్టే. గొడవల్లో వాళ్ల కుటుంబం ఇల్లు వదిలి పోవాల్సి వచ్చింది. అలాంటామె పిలిచింది కాబట్టి ఆ పిలుపుకి బరువు వచ్చింది, అది నా ఉద్దేశం.

నిద్రపట్టని_నర్సు:
నైట్ డ్యూటీ నుంచి వచ్చి నిద్ర పట్టక చదువుతున్నా, బాగుంది చర్చ. నేను అప్పుడు కార్క్‌లో ఉండేదాన్ని. డబ్లిన్‌లో జనాన్ని ఆమె దరిదాపుల్లోకి రానివ్వలేదు, టీవీలో చూస్తే ఖాళీ రోడ్లు, బారికేడ్లు, గార్డాలు (ఇక్కడి పోలీసులు) తప్ప మనుషులు లేరు, పోలీసులూ సైన్యం కలిసి 10,000 దాకా దింపారన్నారు. ఆమె రావడానికి ముందు రాత్రి మేనూత్‌లో ఒక బస్సు సామాన్ల అరలో బాంబు దొరికింది, ఆర్మీ వాళ్లు వచ్చి నిర్వీర్యం చేశారు. మా వార్డులో ముసలమ్మలు "పాపం ఆమె వయసు 85, ఎందుకమ్మా ఈ రిస్కు" అనేవాళ్లు. పక్క బెడ్ ఆయనేమో "ఎవరు రమ్మన్నారు" అనేవాడు. రెండు బెడ్ల మధ్య కర్టెన్ లాగేసేదాన్ని 🙂

ఆఖరి రోజు కార్క్‌కి వచ్చింది, ఇంగ్లిష్ మార్కెట్ అని పాత మార్కెట్టు. మనకి మోండా మార్కెట్ లాగా అనుకోండి కానీ పైకప్పుతో, కళగా ఉంటది. అక్కడ చేపల కొట్టాయన ఆమెకి మంక్‌ఫిష్ చూపించి "దీన్ని మేం అత్తగారి చేప అంటాం" అని చెప్పాడు. ఆ చేప మొహం చూస్తే మీకే అర్థమవుతుంది ఎందుకో. రాణి పగలబడి నవ్వింది, ఆ ఫొటో అన్ని పేపర్లలో వచ్చింది, ఆ కొట్టులో ఇప్పటికీ పెట్టుకున్నారు. బయటికొచ్చాక ప్లాన్‌లో లేకపోయినా కారు ఎక్కకుండా రోడ్డు దాటి జనం దగ్గరికి నడిచింది. నేను గ్రాండ్ పెరేడ్‌లో మూడో వరసలో ఉన్నా, నా ముందు ఒక పొడుగాయన, నాకు టోపీ మాత్రమే కనపడింది. అయినా సరే చప్పట్లు కొట్టా. ఎందుకు కొట్టానో తెలీదు, అందరూ కొడుతున్నారు.

ఉప్పుచేప:
అత్తగారి చేప 😂😂 మా కాకినాడలో ఈ పేరు పెడితే కొట్టు మూయించేస్తారు.

బొల్లారం_బాబాయ్:
రాణిగారు మా ఊరికి కూడా వచ్చారు బాబూ. 1983 నవంబర్ 20న, బొల్లారం హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థనకి. ఆ రోజు వాళ్ల పెళ్లిరోజు. నేను ఇంటర్లో ఉన్నా, రామారావు గారు ముఖ్యమంత్రి. సున్నాలు వేశారు, గుంతలు పూడ్చారు, మా నాన్న "ఏడాదికోసారి వస్తే బాగుండు, రోడ్లు బాగుపడతాయి" అన్నారు. మాకు కోపం లేదు, ఇదీ లేదు, ఎవరో గొప్ప ఇంటావిడ వచ్చినట్టు చూశాం. ఆమె పెళ్లికి మన నిజాం ఇచ్చిన వజ్రాల హారం గురించే పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు.

ఇప్పుడు ఇది చదువుతుంటే అనిపిస్తోంది, మేం ఏమీ అడగలేదు, అందుకే ఆవిడ ఏమీ చెప్పలేదు.

లిఫ్ఫీగట్టు:
బాబాయ్ గారూ మా కుర్రాడి ప్రశ్నకి సగం జవాబు మీ ఆఖరి లైనులో ఉంది.

కడప_కారం:
మనం అడగలేదా? జలియన్‌వాలాబాగ్‌కి 1997లో పోయింది కదా. అడిగినారు, ఊరంతా అడిగినారు.

పాతపేపర్లు:
అవును, అది కూడా చెప్పాల్సిందే. 1997 అక్టోబర్, మన స్వాతంత్ర్యం యాభై ఏళ్ల సంవత్సరం. అమృత్‌సర్ వెళ్లే ముందు ఢిల్లీ విందులో మన గతంలో కష్టమైన ఘట్టాలు ఉన్నాయి, జలియన్‌వాలాబాగ్ బాధాకరమైన ఉదాహరణ, కానీ చరిత్రని తిరగరాయలేం అనే అర్థంలో మాట్లాడింది. మర్నాడు చెప్పులు విప్పి పూలు పెట్టి, ముప్పై సెకన్లు మౌనంగా నిలబడింది. అక్కడిదాకా బానే ఉంది. ఆమె మొగుడు ఫిలిప్ అక్కడి బోర్డు మీద రెండు వేల మంది అమరులు అని చూసి ఆ లెక్క ఎక్కువ చేసి రాశారు అన్నాడు, నేవీలో డయ్యర్ కొడుకుతో కలిసి పనిచేశాను, ఆయన చెప్పాడు అని. బ్రిటిష్ వాళ్ల అధికారిక లెక్కే 379. చంపినవాడి కొడుకు చెప్పిన లెక్క చచ్చినవాళ్ల ఊళ్లో నిలబడి చెబితే ఎలా ఉంటుంది? పూలదండ అంతా నీళ్లపాలు.

దాని మీద కశ్మీర్ గొడవ, మద్రాసులో ఆమె ప్రసంగం రద్దవడం, అదంతా గందరగోళంగా నడిచింది. అప్పుడు చేసిన తప్పులన్నీ 2011లో చేయకుండా జాగ్రత్తపడ్డారు అని నాకు అనిపిస్తుంది, ఇది నా ఊహే.

ఓరుగల్లు:
తర్వాత ప్రధానులు కూడా సారీ అన్లేదు కదా? కామెరాన్ 2013ల అమృత్‌సర్ వచ్చి సిగ్గుచేటు ఘటన అన్నడు, థెరెసా మే 2019ల మచ్చ అన్నది, విచారం అన్నది. సారీ ఒక్కటి నోట్లెకెళ్లి రాదు. డెర్రీ వాళ్లకి చెప్పినోడు మనకెందుకు చెప్పడు? గది నా బాధ.

లిఫ్ఫీగట్టు:
ఆ పాయింట్ ఒప్పుకుంటా. డెర్రీ వాళ్లు 38 ఏళ్లు కోర్టుల చుట్టూ, విచారణల చుట్టూ తిరిగి సాధించుకున్నారు, అదొక్కటే తేడా అనిపిస్తుంది నాకు. ఊరికే ఎవరూ ఇవ్వరు.

సరే రెండో రోజు సంగతి చెప్తా, ఇది నాకు ఎక్కువ ఆసక్తి. మే 18. పొద్దున గిన్నెస్ బీరు ఫ్యాక్టరీ, అక్కడ గ్లాసు నింపి ముందు పెడితే రాణి ముట్టుకోలేదు, ఫిలిప్ మాత్రం ఆశగా చూశాడు, డబ్లిన్ మధ్యలో పారే లిఫ్ఫీ నది నీళ్లతోనే చేస్తారా అని అడిగాడంట. (లిఫ్ఫీ నీళ్లు చూసినవాడు ఎవడూ ఆ ప్రశ్న అడగడు.) ఆ తర్వాత ప్రధాని ఎండా కెన్నీని కలవడం, ఆ తర్వాత ఐలండ్‌బ్రిడ్జ్.

ఐలండ్‌బ్రిడ్జ్‌లో ఉన్నది మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో చేరి చచ్చిపోయిన ఐరిష్ వాళ్ల స్మారకం, 49,400 మంది పేరున. దాన్ని డిజైన్ చేసింది ఎవరో తెలుసా, లుట్యెన్స్! ఇండియా గేటు, రాష్ట్రపతి భవన్ చేసిన ఆయనే. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఎక్కడో చూసినట్టుందే అనుకున్నా. ఈ తోటని దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోలేదు, గడ్డి పెరిగిపోయింది, 1950ల్లో బాంబులు కూడా పెట్టారు. ఎందుకంటే స్వతంత్రం వచ్చాక బ్రిటిష్ యూనిఫాం వేసుకుని చచ్చినవాడు ఇంట్లో చెప్పుకోలేని మనిషి అయిపోయాడు.

నేను అద్దెకున్న ఇంటి ముసలాయన ఒకరోజు కుట్టు డబ్బా తెచ్చి, దారపు రీళ్ల కింద నుంచి ఒక మెడల్ తీసి చూపించాడు. వాళ్ల తాత తమ్ముడిది, ఫ్రాన్స్‌లో పోయాడు. వాళ్ల నాయనమ్మ బతికున్నంతకాలం అది సూదుల కిందే ఉందంట, ఎవరైనా వస్తే కనపడకూడదని. గోడ మీద ఫొటో మాత్రం ఇంకో అన్నది, తిరుగుబాటులో ఉన్నాయనది. రాణి మొదటి రోజు గోడ మీది అన్నకి తల వంచింది, రెండో రోజు డబ్బాలో ఉన్న తమ్ముడికి. ముసలాయన నాతో అన్న మాట కాదిది, నేనే అనుకుంటున్నా. ఆయన ఆ రోజు టీవీ చూస్తూ నిద్రపోయాడు.

నిద్రపట్టని_నర్సు:
😢 ఆ డబ్బా సంగతి బాగుంది. మా తాత కూడా బర్మాలో బ్రిటిష్ వాళ్ల సైన్యంలో వంటవాడు, మా ఇంట్లో ఆ సంగతి గొప్పగానూ చెప్పరు, సిగ్గుగానూ చెప్పరు, పెన్షన్ ఎంతొచ్చేదో మాత్రం చెప్తారు.

గ్రూప్స్_నాలుగోసారి:
క్రోక్ పార్క్ అని కూడా చదివాను, అక్కడేం జరిగింది?

లిఫ్ఫీగట్టు:
అదే రోజు మధ్యాహ్నం రాణి వెళ్లిన స్టేడియం అది. అక్కడ జరిగింది 1920 నవంబర్ 21 ఆదివారం. పొద్దున ఐరిష్ స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్ మనుషులు డబ్లిన్‌లో బ్రిటిష్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్లని ఇళ్లల్లో దూరి కాల్చేశారు. మధ్యాహ్నం క్రోక్ పార్క్‌లో డబ్లిన్, టిప్పరరీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే బ్రిటిష్ బలగాలు లోపలికొచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. 14 మంది పోయారు, ఒకడు ఆటగాడు, మైకేల్ హోగన్, టిప్పరరీ. అక్కడ ఒక స్టాండుకి ఆయన పేరే. అక్కడికి రాణి వెళ్లింది, ఆ స్టేడియం నడిపే జీఏఏ అనే ఐరిష్ ఆటల సంస్థ వాళ్లు స్వాగతం పలికారు. 2001 దాకా బ్రిటిష్ సైన్యం, ఉత్తర ఐర్లాండ్ పోలీసుల్లో ఉన్నవాళ్లని సభ్యులుగా కూడా చేర్చుకోని సంస్థ అది! 2007లో రగ్బీ మ్యాచ్ కోసం అక్కడ ఇంగ్లండ్ జాతీయగీతం వాయిస్తే ఏమవుతుందో అని దేశం మొత్తం ఊపిరి బిగబట్టింది, అంతా మర్యాదగా నిలబడ్డారు, తర్వాత ఇంగ్లండ్‌ని 43-13తో చితక్కొట్టారు. మర్యాద మర్యాదే, ఆట ఆటే.

పాతపేపర్లు:
టిప్పరరీ అన్నారు కాబట్టి ఒకటి. జలియన్‌వాలాబాగ్ టైంలో పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ మైకేల్ ఓడ్వయర్, డయ్యర్ చేసింది కరెక్టే అని వెనకేసుకొచ్చినవాడు, ఉధమ్ సింగ్ 1940లో లండన్‌లో కాల్చింది ఇతన్నే, పుట్టింది టిప్పరరీలోనే. డయ్యర్ చదువుకున్నది కార్క్ కౌంటీ మిడిల్‌టన్ స్కూల్లో. క్రోక్ పార్క్‌లో చచ్చిన హోగన్‌దీ, అమృత్‌సర్ కాల్పుల్ని సమర్థించిన ఓడ్వయర్‌దీ ఒకే కౌంటీ.

కడప_కారం:
ఇది తెలీదు నాకు. అంటే ఐర్లాండోళ్లు కూడా మనకి బాకీనే అన్నమాట.

ఉప్పుచేప:
మన వి.వి. గిరి గారు డబ్లిన్‌లోనే లా చదివారు కదా, 1913లో వెళ్లి. 1916 తిరుగుబాటు అయ్యాక తిరుగుబాటుదార్లతో సంబంధాలున్నాయని దేశం వదిలి పొమ్మన్నారు. తెలుగు కుర్రాడు, తర్వాత రాష్ట్రపతి. బాకీ లెక్కలు రాస్తే రెండువైపులా రాయాలి కడప అన్నా.

గ్రూప్స్_నాలుగోసారి:
ఇది పక్కా బిట్టు 🔥 థాంక్స్ అన్నా

లిఫ్ఫీగట్టు:
ఆ రాత్రి డబ్లిన్ క్యాజిల్‌లో విందు. ఆ కోట ఏడొందల ఏళ్లు ఇంగ్లిష్ పాలనకి అడ్డా, 1922 జనవరిలో కాలిన్స్‌కి అప్పజెప్పారు. రాణి తెల్ల గౌను మీద పట్టుతో కుట్టిన షామ్‌రాక్ (ఐర్లాండ్ గుర్తయిన మూడాకుల మొక్క) ఆకులు 2,000కు పైగా, వీణ లాంటి హార్ప్ ఆకారంలో క్రిస్టల్స్ బ్రోచ్. లేచి నిలబడి మొదటి మాట ఐరిష్‌లో అంది, "అ ఊఖ్తరాన్ అగస్ అ ఖార్జె", అంటే అధ్యక్షురాలా, మిత్రులారా అని. పక్కనున్న మెకలీస్ నోరు తెరిచి "వావ్" అంది, కెమెరాలో దొరికిపోయింది. ఒకప్పుడు ఈ భాష మాట్లాడితే స్కూల్లో పిల్లల్ని కొట్టేవాళ్లు. అయిదు మాటలే, అయినా మన ఇంటికొచ్చిన పక్కింటావిడ, ఎప్పుడూ మన మాటని ఎగతాళి చేసినావిడ, గుమ్మం దగ్గర నిలబడి మన యాసలో "బాగున్నారా" అంటే ఎలా ఉంటుంది.

తర్వాత ఇంగ్లిష్‌లో, వెనక్కి తిరిగి చూస్తే కొన్ని వేరేలా చేసుంటే బాగుండేది, కొన్ని అసలు చేయకుండా ఉంటే బాగుండేది అని మనందరికీ అనిపిస్తుంది అని చెప్పింది. బాధపడ్డవాళ్లందరికీ సానుభూతి చెప్పింది. సారీ లేదు. కానీ "అసలు చేయకుండా" అన్న ముక్క ఉంది చూడండి, దాని మీద ఇక్కడ ఎన్ని రోజులు మాట్లాడుకున్నారో.

ఓరుగల్లు:
"మనందరికీ" అన్నది. "మేం చేసినం" అన్లేదు. గీ తేడా మీరు చూస్తలేరు. మా ఊర్ల పంచాయితీల పెద్దమనిషి గిట్లనే అంటడు, "జరిగింది జరిగిపోయింది, అందరం జర ఓపిక వట్టాలె" అని. ఎవ్వడు జేసిండో మాత్రం రాయరు.

లిఫ్ఫీగట్టు:
చూశా అన్నా. అది కావాలనే అలా రాసింది. అందులో ఎవరి తప్పు ఎంతో తేల్చకుండా ఇద్దరూ బయటపడే దారి ఉంది. నీకు అది తప్పించుకోవడం అనిపిస్తుంది, నాకు ఆ రోజుకి అంతే కుదురుతుంది అనిపిస్తుంది.

పాతపేపర్లు:
దాని వల్ల ఏమైంది అన్నది కూడా చూడాలి. ఐఆర్ఏతో సంబంధమున్న షిన్ ఫేన్ పార్టీ ఆ పర్యటనని బహిష్కరించింది. అయినా చివరి రోజు రాక్ ఆఫ్ కాషెల్ దగ్గర ఆ ఊరి మేయర్, షిన్ ఫేన్ మనిషే, పార్టీ మాట పక్కనపెట్టి రాణికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఏడాది తిరిగాక 2012 జూన్‌లో బెల్‌ఫాస్ట్‌లో షిన్ ఫేన్ నాయకుడు మార్టిన్ మెక్‌గిన్నెస్ ఇచ్చాడు. ఒకప్పటి ఐఆర్ఏ కమాండర్! మౌంట్‌బాటెన్ని చంపిన ఐఆర్ఏ. ఆ షేక్‌హ్యాండ్‌లో ఆమెకీ ఎంత మింగుడుపడి ఉంటుందో ఆలోచించండి. 2014 ఏప్రిల్‌లో అధ్యక్షుడు హిగ్గిన్స్ బ్రిటన్ వెళ్లాడు, ఐరిష్ అధ్యక్షుడు అధికార పర్యటనకి వెళ్లడం అదే మొదలు, విండ్సర్ కోటలో విందుకి మెక్‌గిన్నెస్ కూడా కూర్చున్నాడు.

కడప_కారం:
మంచిదే. 1974 ఫైళ్లు వచ్చినాయా?

పాతపేపర్లు:
లేదు.

కడప_కారం:
అదే నేను చెప్పేది.

నిద్రపట్టని_నర్సు:
నాకు ఇద్దరిదీ కరెక్టే అనిపిస్తోంది, నిద్ర వస్తోంది కాబట్టి కావచ్చు. మా వార్డులో ఆ "ఎవరు రమ్మన్నారు" తాతయ్య మే 20 సాయంత్రం, ఆమె విమానం కార్క్ నుంచి వెళ్లిపోయాక, నన్ను పిలిచి "టోపీ ఏ రంగు?" అని అడిగాడు. నేను చెప్పా. "టీవీలో వేరేలా కనపడింది" అన్నాడు. ఆపై కర్టెన్ నేను లాగలేదు, పక్క బెడ్ ముసలమ్మతో ఆ చేప గురించి మాట్లాడుకుంటూ ఉన్నారు.

బొల్లారం_బాబాయ్:
టోపీ ఏ రంగమ్మా?

నిద్రపట్టని_నర్సు:
చెప్పాగా బాబాయ్ గారూ, నా ముందు పొడుగాయన. నాకు కనపడింది పైభాగమే. నీలం అనుకుని చెప్పేశా 🙈